ఆహుతులా, ఆహూతులా: దగ్గరి పోలిక ఉన్న మాటలను రాసేవారు ఎలా వేరుచేసుకోవాలి?

వెన్నెల పుట

సభ్యులకు నమస్కారం. మా ఊరి గ్రంథాలయం ఏటా వెలువరించే సంచికకు వచ్చిన వ్యాసాలను దిద్దే పని ఈసారి నాకు అప్పగించారు. వాటిలో ఒక సభా నివేదికలో ఈ వాక్యం కనిపించింది: "పురస్కార ప్రధానోత్సవానికి విచ్చేసిన ఆహుతులకు ఉపహారం అందించిన అనంతరం నిర్వాహకులు కృతఘ్నతలు తెలిపారు." రాసినవారు బాగా చదువుకున్నవారే. వేగంగా చదివితే వాక్యం సాఫీగా సాగిపోతుంది కూడా. కంప్యూటరులోని అక్షరదోషాల తనిఖీ ఇందులో తప్పేమీ చూపలేదు, ఎందుకంటే ప్రధానం, ఆహుతి, ఉపహారం, కృతఘ్నత అనే నాలుగూ నిఘంటువులో ఉన్న మాటలే.

భాషలో లేని రూపాన్ని రాస్తే చూడగానే తెలిసిపోతుంది, దిద్దుతాం. ఉన్న మాటనే మరో మాట ఉండవలసిన చోట రాస్తే మాత్రం అది కళ్ల ముందే దాటిపోతుంది. నాలుగింటిలో రెండు మొదటి పఠనంలో నాకు దొరికాయి, మిగిలిన రెండింటికి నిఘంటువు తెరవాల్సి వచ్చింది. ఇలాంటి జంటలన్నిటినీ పట్టిక వేసుకొని గుర్తుంచుకోవడం తప్ప మరో దారి ఉందా అని అనుభవజ్ఞులను అడుగుతున్నాను.

పాత మాస్టారు

వెన్నెల పుట గారూ, పట్టిక అవసరం లేదు. మాటను విడదీసి చూడడం అలవాటైతే మీరు చెప్పిన నాలుగూ అక్కడికక్కడే తేలిపోతాయి. 'ఆహ్వానం' ఏ ధాతువు నుంచి, అంటే ఏ మూల క్రియ నుంచి వచ్చిందో 'ఆహూతుడు' కూడా ఆ ధాతువు నుంచే వచ్చింది. పిలవడం దాని అర్థం కనుక పిలుపు అందుకున్నవారు ఆహూతులు, అక్కడ 'హూ' దీర్ఘం. 'ఆహుతి', 'హోమం', 'హవిస్సు' వేరే ధాతువుకు చెందినవి, అగ్నిలో వేల్చడం దాని అర్థం, అక్కడ 'హు' హ్రస్వం. 'ప్రదానం'లో మనందరికీ తెలిసిన 'దానం' ఉంది, ఇవ్వడమే దాని అర్థం. 'ప్రధానం'లో ఉన్నది ఉంచడం, నిలపడం అనే అర్థమున్న 'ధా' ధాతువు, 'విధానం', 'సమాధానం' అనే మాటల్లో కనిపించేది అదే. 'ఉప' పక్కన 'ఆహారం' చేరితే 'ఉపాహారం', అంటే ఫలహారం. దీర్ఘం లేని 'ఉపహారం' కానుక.

'కృతజ్ఞుడు' అనే మాట చివరన ఉన్న 'జ్ఞ' 'జ్ఞానం'లోనిది. చేసిన మేలును ఎరిగినవాడు కృతజ్ఞుడు. 'కృతఘ్నుడు' చివరన ఉన్న 'ఘ్న' 'శత్రుఘ్నుడు'లో ఉన్నదే, చంపడం అనే అర్థం గలది. శత్రుఘ్నుడి పేరు తెలిసిన వారెవరూ ఆ రెండు మాటలనూ ఇక కలగలపలేరని నా నమ్మకం.

ఇదే పద్ధతిలో 'స్త', 'స్థ' చిక్కు కూడా తీరుతుంది. నిలవడం, ఉండడం అనే భావం ఉన్న చోట 'స్థా' ధాతువు ఉంటుంది కాబట్టి స్థానం, స్థితి, సంస్థ, వ్యవస్థ, అవస్థ, అస్వస్థత, ఆస్థానం, ప్రస్థానం అన్నీ 'థ'తో రాయాలి. 'ప్రస్తావన', 'ప్రస్తుతం' అనే మాటల్లో ఉన్నది 'స్తుతి'లోని ధాతువు, వాటిలో 'థ' లేదు. అందువల్ల 'ప్రస్థావన' అని రాస్తే పక్కనున్న 'ప్రస్థానం' ప్రభావంతో జరిగిన పొరపాటుగా గుర్తించి దిద్దవచ్చు. 'అస్తవ్యస్తం'లోనూ 'థ' లేదు, అది విసిరివేయడం అనే అర్థమున్న మరో ధాతువు నుంచి వచ్చింది. ఇక 'స్ధలం', 'స్ధానం' అని 'ధ' ఒత్తుతో రాసేవి ఏ విధంగానూ నిలవవు, ఎందుకంటే సంస్కృతంలో 'స' కింద 'ధ' చేరిన మాటే ఉండదు.

అచ్చుపని

మాస్టారు గారు చెప్పినది సరైనదే. అయితే ఈ తప్పులు ఎక్కడ పుడుతున్నాయో కూడా చూడాలని నా మనవి. పుస్తకాల పేజీలు కట్టే పని నాది. నా బల్ల మీదికి వచ్చే కాగితాల్లో అన్నిటికంటే ఎక్కువగా తారుమారయ్యేవి 'థ', 'ధ'. ఈ రెండు అక్షరాలకూ అడుగున ఒత్తు గీత ఉంటుంది, తేడా అంతా 'థ' నడుమ ఉండే చుక్కలోనే ఉంది. వాటి ఒత్తు రూపాలకైతే ఆ చుక్క ఇంకా చిన్నది, చిన్న సైజు అక్షరాల్లో, ముతక కాగితం మీద సిరా కాస్త పరుచుకుంటే పూడిపోతుంది. అలా అచ్చయిన 'అర్థం' పాఠకుడి కంటికి 'అర్ధం'గానే కనిపిస్తుంది, అదే రూపం అతని చేతికీ అలవాటవుతుంది. దీనికి తోడు తెలుగునాట చాలామంది 'కథ', 'రథం' అనే మాటలను 'కధ', 'రధం' అన్నట్టుగానే పలుకుతారు కాబట్టి చెవి కూడా వారికి సాయపడదు.

రెండో కారణం రోమన్ అక్షరాలతో తెలుగు టైపు చేయడం. 'ట', 'డ' లతో గందరగోళం రాకూడదని మనవాళ్లు 'త'కు కూడా టీ పక్కన హెచ్, 'ద'కు కూడా డీ పక్కన హెచ్ రాస్తారు. ఆ అలవాటుతోనే టైపు చేస్తే సాఫ్ట్‌వేర్ కొన్నిసార్లు 'విధ్య', 'ఉధ్యోగం' అని ఇస్తుంది, రాసేవారు గమనించక ముందుకు వెళ్లిపోతారు. నేరుగా తెలుగు అక్షరాలే మీటలపై ఉండే ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో 'ద', 'ధ' ఒకే మీట మీద, 'త', 'థ' మరో మీట మీద ఉంటాయి, ఒత్తక్షరం కావాలంటే షిఫ్ట్ నొక్కాలి. అందువల్ల అక్కడ 'థ' బదులు 'ధ' పడడం అరుదు.

'ద్య', 'ధ్య' విషయంలో నాకు పనికొచ్చిన గుర్తు ఒకటి చెబుతాను. 'ఉత్' అనే ఉపసర్గ, అంటే మాటకు ముందు చేరే ముక్క, ఉంటే అది 'ఉద్' అవుతుంది కనుక ఉద్యోగం, ఉద్యమం, ఉద్యానం అన్నీ ఒత్తు లేనివి. 'అధి' ముందుంటే అది 'అధ్య' అవుతుంది కనుక అధ్యక్షుడు, అధ్యయనం, అధ్యాపకుడు ఒత్తు ఉన్నవి. ఈ రెండు ఉపసర్గలు తెలిస్తే ఒక దినపత్రిక పేజీలో కనిపించే ఇలాంటి మాటల్లో చాలావరకు నిస్సంకోచంగా దిద్దవచ్చు.

నల్లగొండ చదువరి

నా అభ్యంతరం ఒకటి ఉంది. ధాతువులు, ఉపసర్గలు తెలిసినవారికి ఈ పద్ధతి బాగుంటుంది, కానీ కథలు, వార్తలు, బ్లాగులు రాసే నేటి యువతలో సంస్కృతం చదివినవారు ఎంతమంది? పైగా ఇది సంస్కృతం నుంచి వచ్చిన మాటలన్నిటికీ కూడా సరిపోదు. 'కల', 'కళ' చూడండి. నిద్రలో వచ్చేది కల, నేర్పుతో చేసేది కళ. రెండో మాటకు మూలం సంస్కృతంలో లకారంతో ఉన్న 'కలా'. 'వేళ'కు మూలం 'వేలా', 'మంగళం'కు మూలం 'మంగలం'. మూలాన్ని నమ్ముకొని రాసేవారు ఈ మూడింటినీ తప్పుగానే రాస్తారు. తెలుగులో అవి 'ళ'తో స్థిరపడ్డాయి, అంతే.

అచ్చ తెలుగు మాటలకైతే విడదీయడానికి ఉపసర్గలే లేవు. "అతడు కల్లు తెరిచి చూశాడు" అని ఒక కథలో చదివాను. కల్లు తాటిచెట్టు నుంచి దించేది, తెరిచేవి కళ్లు. దీన్ని ఏ ధాతువుతో దిద్దుతారు?

డాలస్ పూదోట

చదువరి గారి ప్రశ్నకు నా అనుభవం నుంచి కొంత జవాబు దొరుకుతుందేమో చూడండి. ఇక్కడ అమెరికాలో వారాంతపు తెలుగు బడిలో చదువు చెబుతుంటాను. మా పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, కానీ వారిలో చాలామంది 'ళ'ను 'ల'గా, 'ణ'ను 'న'గా పలుకుతారు, అందుకే రాతలోనూ అదే వస్తుంది. ఇలా పలికేవారు తెలుగునాట కూడా ఉన్నారు కనుక దీన్ని విదేశాల సమస్యగా మాత్రమే నేను చూడడం లేదు.

అచ్చ తెలుగు మాటలకు మేము వాడే ఆధారం ఏకవచనం. బహువచనంలో 'ళ్లు' వినిపిస్తే దాని ఏకవచనం ఏమిటో పిల్లలను అడుగుతాం. కన్ను కళ్లు అవుతుంది, కాలు కాళ్లు, ఇల్లు ఇళ్లు, గోరు గోళ్లు, గుడి గుళ్లు. మాట బహువచనమని తేలితే 'ళ్లు' రాయాలి. 'కల్లు'కు వేరే ఏకవచనం లేదు, అదే అసలు మాట, అందులో 'ల్లు' మారదు. 'వేలు' దగ్గర పిల్లలు నిజంగా ఆలోచనలో పడతారు. చేతికి ఉన్నది వేలు, దాని బహువచనం వేళ్లు. వేయి బహువచనం మాత్రం వేలు. "పది వేళ్లు", "పది వేలు" అని పలకపై పక్కపక్కనే రాసి చేతులు చూపించమంటే, ఒక్క అక్షరం ఎంత పని చేస్తుందో వారికి వెంటనే అర్థమవుతుంది. 'పన్ను' ఇంకా ఆసక్తికరమైనది. నోటిలోని పన్నుకు బహువచనం పళ్లు, ప్రభుత్వానికి కట్టే పన్నుకు బహువచనం పన్నులు. ఏకవచనంలో తేడా లేని రెండు మాటలు బహువచనంలో విడిపోతాయి.

'కళ', 'వేళ', 'మంగళం' వంటి వాటికి చదువరి గారు చెప్పినట్టు సూత్రం లేదు. వాటిని సరిగ్గా పలికేవారి నోట వినడం, బిగ్గరగా చదవడం తప్ప నాకు మరో దారి కనిపించలేదు.

పాత మాస్టారు

చదువరి గారి ఆక్షేపణలో న్యాయం ఉంది. 'ల', 'ళ' విషయంలో సంస్కృత మూలం దారి చూపదని నేనూ ఒప్పుకుంటాను. అయితే 'న', 'ణ' విషయం అలా కాదు, అక్కడ చక్కని నియమం ఉంది, అది తెలియాలంటే సంస్కృతం చదవనవసరం లేదు.

మాటలో 'ర', 'ష' లేదా 'ఋ' ఉండి, వాటి తరువాత 'న' వస్తే అది 'ణ' అవుతుంది. నడుమ అచ్చులు, కవర్గ పవర్గ అక్షరాలు, య, వ, హ లు ఉన్నా పరవాలేదు. చవర్గ, టవర్గ, తవర్గ అక్షరాలు గానీ, ల, శ, స లు గానీ అడ్డువస్తే 'న' అలాగే నిలుస్తుంది. కొలవడం అనే అర్థమున్న ఒకే ధాతువు నుంచి వచ్చిన 'అనుమానం', 'ఉపమానం' 'న'తో ఉండగా, 'ప్రమాణం', 'పరిమాణం', 'నిర్మాణం' 'ణ'తో ఉండడానికి కారణం ఆ ముందున్న 'ర'. 'అర్పణ'లో నడుమ 'ప' ఉన్నా 'ణ' వచ్చింది, 'అర్చన'లో 'చ', 'కీర్తన'లో 'త', 'దర్శనం'లో 'శ' అడ్డుపడినందువల్ల 'న' మిగిలింది. 'ఉత్తరాయణం' 'ణ'తో, 'దక్షిణాయనం' 'న'తో ఎందుకు రాస్తామని నన్ను పిల్లలు ప్రతి సంక్రాంతికీ అడిగేవారు. ఉత్తరలోని 'ర'కు అడ్డేమీ లేదు. దక్షిణలో 'ష' తరువాత వచ్చిన 'ణ' టవర్గాక్షరం, దాని ప్రభావం అక్కడితో ఆగిపోయింది. పంచాంగం చేతికి వస్తే ఈ రెండు మాటలూ ఎలా అచ్చయ్యాయో చూడండి. సమాసాల్లో కొన్ని మినహాయింపులు ఉన్నాయి, 'త్రినయనుడు' వాటిలో ఒకటి, కానీ ఒకే మాటలో ఈ నియమం దాదాపు ఎప్పుడూ నిలుస్తుంది.

'పరిమాణం', 'పరిణామం' అనే జంట కూడా ఇక్కడే తేలుతుంది. మొదటిది కొలత, రెండోదానిలో ఉన్నది వంగడం, నమస్కరించడం అనే అర్థమున్న ధాతువు, అది మార్పును చెబుతుంది. "అల్మారా పరిణామం ఆరు అడుగులు" అని రాసిన వాక్యాన్ని ఈ జ్ఞానంతో ఎవరైనా దిద్దవచ్చు.

అచ్చుపని

మాస్టారు గారూ, 'ఉచ్చారణ' గురించి కూడా చెప్పండి. పది కాగితాలు వస్తే తొమ్మిదింటిలో 'ఉచ్ఛారణ' అనే ఉంటోంది.

పాత మాస్టారు

'ఉత్' పక్కన 'చారణ' చేరితే 'ఉచ్చారణ', అక్కడ ఒత్తు రావడానికి కారణమే లేదు. 'ఉత్' పక్కన 'శ్వాస' చేరితే 'ఉచ్ఛ్వాస', 'శిష్టం' చేరితే 'ఉచ్ఛిష్టం', అంటే 'శ' మారి 'ఛ' అయిన చోట మాత్రమే ఒత్తు ఉంటుంది. 'ఉచ్ఛ్వాస'ను చూసి 'ఉచ్చారణ'కు కూడా ఒత్తు తగిలిస్తున్నారు. పలుకు గురించి చెప్పే మాటనే తప్పుగా పలకడం నన్ను బాధపెడుతుంది.

బెంగళూరు తెలుగు

ఇంతవరకు చెప్పిన పద్ధతికి ఒక హద్దు గీయడం అవసరమని తోస్తోంది. కర్ణాటకలో స్థిరపడిన తెలుగువాణ్ని నేను. కన్నడంలో 'వర్ధంతి' అంటే జన్మదినం, మైసూరు మహారాజుల జన్మదినాన్ని కూడా అలాగే అంటారు. పెరగడం అనే ధాతువు నుంచి వచ్చిన మాటకు ఆ అర్థం సహజమే. తెలుగులో మాత్రం మహనీయుల పుట్టినరోజు 'జయంతి', కన్నుమూసిన రోజు 'వర్ధంతి' అని స్థిరపడింది. ధాతువు ప్రకారం చూసి, బతికి ఉన్నవారికి ఎవరైనా తెలుగులో వర్ధంతి శుభాకాంక్షలు చెబితే అది క్షమించరాని పొరపాటు అవుతుంది. కాబట్టి 'వర్ధంతి'లో 'ధ' రాయాలా 'థ' రాయాలా అనే ప్రశ్నకు ధాతువు జవాబు చెబుతుంది, ఆ మాటను ఏ సందర్భంలో వాడాలో మాత్రం తెలుగు వాడుకే చెప్పాలి. మూలం అక్షరాలకు సాక్ష్యం, అర్థానికి కాదు.

కోర్టు వార్తలు

బెంగళూరు తెలుగు గారి మాట నా రంగంలో అక్షరాలా నిజం. హైదరాబాదులో ఉర్దూ తెలిసినవారికి 'ముద్దయీ' అంటే దావా వేసిన వ్యక్తి. తెలుగు న్యాయ వ్యవహారంలో 'ముద్దాయి' అంటే నేరం మోపబడిన వ్యక్తి. ఏ భాషలో రాస్తున్నామో ఆ భాష నిర్ణయమే చెల్లుతుంది.

నేను ప్రత్యేకంగా చెప్పదలచినది, అక్షరాల్లో పోలిక లేకపోయినా అర్థాల దగ్గరితనం వల్ల కలిసిపోయే మాటల గురించి. ఆ తప్పుల వల్ల ఒక మనిషి పరువు పోతుంది. పోలీసులు అరెస్టు చేసిన వ్యక్తి నిందితుడు మాత్రమే. న్యాయస్థానం నేరం రుజువైందని ప్రకటించిన తరువాతే అతడు దోషి. అరెస్టు వార్తలోనే 'నేరస్థుడు' అని శీర్షిక పెట్టడం, విచారణ మొదలుకాక ముందే తీర్పు చెప్పినట్టు అవుతుంది. 'ఆరోపణ' ఎవరైనా చేయవచ్చు, 'అభియోగం' మాత్రం న్యాయప్రక్రియలో నమోదయ్యేది. 'దర్యాప్తు' పోలీసుల పని, ఆధారాలు సేకరించడం, సాక్షులను ప్రశ్నించడం అందులో ఉంటాయి. 'విచారణ' న్యాయస్థానంలో జరిగేది. "కేసు విచారణలో ఉంది" అని రాస్తే అభియోగపత్రం దాఖలై కోర్టుకు చేరిందని పాఠకుడు అనుకుంటాడు, నిజానికి పోలీసులు ఇంకా ఆధారాల కోసం తిరుగుతూ ఉండవచ్చు. "బెయిలుపై విడుదల", "నిర్దోషిగా విడుదల" అనే వాటిలో 'విడుదల' ఒక్కటే శీర్షికలో మిగిలితే ఏ విడుదలో తెలియదు. 'బాధితులు', 'బాధ్యులు' అనే జంటను ప్రమాద వార్తల్లో నేను రెండుసార్లు చదువుకోనిదే వదలను.

ఇలాంటి వాటికి ధాతువూ చాలదు, చెవీ చాలదు. ఎవరు చేశారు, ఏ దశలో చేశారు అని వాక్యాన్నే ప్రశ్నించాలి.

నల్లగొండ చదువరి

కోర్టు వార్తలు గారి జవాబు నాకు బాగా నచ్చింది. అయినా ఒక ప్రశ్న మిగిలింది. 'ఉద్దేశం' బదులు 'ఉద్దేశ్యం' అని అందరూ రాస్తున్నారు. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి పంతులు గారు జీవితాంతం పోరాడారు కదా, అందరూ రాసేదాన్నే ఒప్పుకుంటే నష్టమేమిటి?

డాలస్ పూదోట

గిడుగు వారు కోరినది శిష్టుల వాడుకను గ్రంథరచనకు అంగీకరించమని. పాత కావ్యాల వ్యాకరణాన్ని నేటి వచనంపై రుద్దవద్దన్నారు. ఒక మాట ఉండవలసిన చోట మరో మాట రాయడాన్ని ఆయన సమర్థించారని చెప్పడం న్యాయం కాదు. 'ఉద్దేశం' అంటే అభిప్రాయం, సంకల్పం. 'ఉద్దేశ్యం' అంటే దేన్ని ఉద్దేశించామో అది, వ్యాకరణంలో 'విధేయం', అంటే దాని గురించి చెప్పే మాట, పక్కన వాడేది. రెండింటికీ పని ఉంది కనుక ఒకదాన్ని పోగొట్టుకోవడం భాషకు నష్టమే. అయితే కన్నుమూసిన రోజుకు వర్ధంతి అన్నట్టుగా, సమాజమంతా తరాల పాటు ఒక అర్థాన్ని నిలుపుకొంటే దాన్ని తిరగదోడకూడదని కూడా నేను నమ్ముతాను.

అచ్చుపని

'అర్థం', 'అర్ధం' గురించి ఎవరూ పూర్తిగా చెప్పలేదు, అది లేకుండా ఈ చర్చ ముగియకూడదు. సగం అనే భావం ఉంటే 'ధ': అర్ధరాత్రి, అర్ధశతాబ్ది, అర్ధాంగి, అర్ధచంద్రుడు. భావం, ప్రయోజనం, ధనం, కోరడం అనే అర్థాలుంటే 'థ': పదార్థం, స్వార్థం, అర్థశాస్త్రం, విద్యార్థి, అభ్యర్థి, ప్రార్థన. పని నడుమ ఆగిపోతే 'అర్ధాంతరంగా' ఆగినట్టు, అక్కడ 'ధ'. అలంకారాల్లో చదివే 'అర్థాంతరన్యాసం'లో మరో అర్థాన్ని తెచ్చి నిలుపుతారు, అక్కడ 'థ'. ఒకే పేజీలో ఈ రెండూ వచ్చిన పుస్తకానికి పని చేసినప్పుడు, అన్నిచోట్లా ఒకేసారి మార్చే ఆదేశాన్ని వాడకుండా ఒక్కొక్కటీ చదివి దిద్దాను, మీరూ అలాగే చేయండి. సందేహం తీరకపోతే 1885లో బహుజనపల్లి సీతారామాచార్యులు గారు వెలువరించిన శబ్దరత్నాకరం నేటికీ మంచి దిక్కు, ఇప్పుడు అది అంతర్జాలంలో కూడా వెతకడానికి వీలుగా ఉంది.

వెన్నెల పుట

అందరికీ కృతజ్ఞతలు. వాక్యాన్ని ఇలా దిద్దాను: "పురస్కార ప్రదానోత్సవానికి విచ్చేసిన ఆహూతులకు ఉపాహారం అందించిన అనంతరం నిర్వాహకులు కృతజ్ఞతలు తెలిపారు." సంచికలోని మిగిలిన వ్యాసాలను మీరు చెప్పిన మూడు విధాలుగానూ చదువుతున్నాను. సంస్కృత పదాలైతే విడదీసి చూస్తున్నాను, అచ్చ తెలుగు మాటలైతే ఏకవచనం వెతికి బిగ్గరగా పలుకుతున్నాను, వార్తా విశేషాలైతే ఎవరు, ఏ దశలో అని అడుగుతున్నాను. ఒక్కచోట ఆగిపోయాను. ఒక కథలో "అన్నదమ్ముల మధ్య మనస్పర్థలు వచ్చి శ్రమంతా వ్యర్థమైంది" అని ఉంది. రెండు 'థ'లూ ఉంచవచ్చా?

పాత మాస్టారు

మొదటిది మార్చండి, రెండోది ఉంచండి. 'స్పర్ధ' పోటీపడడం అనే ధాతువు నుంచి వచ్చింది, అందులో 'అర్థం' లేదు కనుక 'మనస్పర్ధలు' అని 'ధ'తో రాయాలి. 'వ్యర్థం' మాత్రం 'వి', 'అర్థం' కలిసిన మాట, ప్రయోజనం లేనిది అని భావం, అక్కడ 'థ' సరైనదే.